తెగులును మేపిన చేను

బంగారు తీగకు ఆకు ఉండదు. మొలిచిన కొద్ది రోజులకు వేరు కూడా ఉండదు. సన్నటి పసుపు దారంలా నేలలోంచి లేచి, పక్కన మొక్క ఎక్కడుందో తడుముకుని, దాని కాండానికి చుట్టుకుని అందులోంచే రసం తాగుతుంది. ఒకసారి మొక్కను పట్టుకున్నాక నేలతో దానికి పని లేదు.

మా వైపు మాగాణుల్లో వరి కోయకముందే, నిలబడ్డ చేలోనే మినుములు చల్లుతారు. కోత అయ్యేసరికి దుబ్బుల మధ్య మినుము మొలిచి ఉంటుంది. నేలలో మిగిలిన పదును మీదే పంట పండుతుంది. నీళ్లు పెట్టే పని లేదు. ఆ మొలకలతోపాటే తీగా లేస్తుంది. పాతరోజుల్లో అక్కడొక కుదురు, ఇక్కడొక కుదురు కనపడితే మొక్కతో సహా పీకి గట్టున కాల్చేవాళ్లు. దాంతో సరిపోయేది.

తర్వాత వచ్చిన కొత్త తీగ అట్లాంటిది కాదు. ఏ విత్తనంలో కలిసి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక మూల పట్టిందంటే చేనంతా ఒకే వల అయ్యేది. మందు కొడితే, మందు తగిలిన సంగతి తీగలోంచే రెండో మూలకు తెలిసిపోయేది. అక్కడి తీగ ముందే గట్టిపడి, మందు తనదాకా వచ్చేసరికి చావకుండా నిలబడేది. మొక్కలన్నిటినీ కలిపి కుట్టిన ఆ దారం గుండా కబుర్లు నడుస్తాయని చదువుకున్నవాళ్లు చెబితే మొదట అందరూ నవ్వారు. నాలుగేళ్లపాటు జిల్లేళ్లపాలెంలో ఒక్క ఇంటికీ మినుములు రాకపోయేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

ఐదో ఏడు బసవపున్నయ్య చేలో, నీళ్లు పారే బోదె పక్కన, తీగ మీద రాగి రంగు పొడి కనిపించింది. తూము ఇనుము తుప్పు రాలిందేమో అనుకున్నాడు ఆయన. ఆయన భార్య సామ్రాజ్యం తీగను వేళ్ల మధ్య నలిపి చూసింది. వేలు ఎర్రబడింది. తీగ తడిసిన దారంలా తెగిపోయింది. అప్పుడే గట్టు మీద వెళుతున్న సువార్తను కేకేసింది.

సువార్త పట్నంలో మొక్కల జబ్బుల ల్యాబులో పనిచేస్తుంది. ఆమె తల్లి మరియమ్మ ఈ చేలల్లోనే కలుపు తీసి కూతుర్ని చదివించింది. తల్లిని చూడటానికి వచ్చినప్పుడల్లా సువార్త ఏదో ఒక గట్టున కూర్చుని తీగను చూసుకుంటూ ఉండేది.

"అమ్మాయ్, ఇదేందో చూడు. తీగకు కూడా అమ్మోరు పోసిందా?"

సువార్త గొంతుక్కూర్చుని భూతద్దం పెట్టి చూసింది. చాలాసేపు లేవలేదు.

"ఇది తీగకొచ్చిన తెగులు పిన్నీ. మినుముకు అంటలేదు చూడు. తీగ పోయిన చోట మినుము తలెత్తింది."

"దానికీ జబ్బులొస్తయ్యా? దేవుడున్నాడు."

మర్నాడు సువార్త ఒక చిన్న పెట్టె, వెంట్రుకంత సన్నటి వైర్లు తెచ్చింది. చేనుకు అవతలి గట్టు దగ్గర బంగారు తీగకు వాటిని తగిలించింది. లోపలి రసం మారితే పెట్టె టిక్కుమంటుందని చెప్పింది. ఇవతల బోదె దగ్గర ఒక్క పోగుకు రాగి పొడి రాసింది. బసవపున్నయ్య అవతలి గట్టున పెట్టె ముందు కూర్చున్నాడు. పొద్దు కొంచెం ఎక్కాక పెట్టె టిక్కుమంది. మందు కొట్టినప్పుడు కూడా ఇట్లాగే టిక్కుమంటుందని సువార్త అంది.

"అయితే తెలిసిపోయినట్టేగా దానికి. ఇక గట్టిపడిద్ది" అన్నాడు బసవపున్నయ్య.

"తెలిసింది బాబాయ్. కబురు వెళ్లే దారినే తెగులూ వెళుతోంది. ముందు కబురు, దాని తోక పట్టుకుని ఇది. అది తలుపేసుకునేలోపే ఇది ఇంట్లో ఉంటది."

రెండు రోజులు దాటకుండానే అవతలి గట్టు దగ్గర తీగ రాగి రంగుకు తిరిగింది. ఆ వారంలో చేనంతా నలుపెక్కి రాలిపోయింది. ఆ ఏడు బసవపున్నయ్య ఇంటికి మాత్రం కొన్ని మినుములు వచ్చాయి.

పై ఏడు ఊరంతా ఆయన చేనుకే వచ్చింది. తడి గోతంలో తెగులు పట్టిన రాగి రంగు తీగ గుప్పెడు చుట్టుకుని వెళ్లి ఎవరి చేలో వాళ్లు పడేసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు మోటారు సైకిళ్ల మీద వచ్చారు. అందరికీ పంట వచ్చింది. అందరి చేలల్లోనూ తీగ పోయింది. దానితోపాటు తెగులూ పోయింది.

అక్కడే వచ్చింది చిక్కు. ఈ తెగులు బతికున్న తీగ మీద తప్ప బతకదు. ల్యాబులో గాజు పళ్లేల్లో ఎన్ని రకాల మేత పోసి చూసినా పెరగలేదు. గాజింట్లో కుండీల్లో తీగను పెంచి పొడి రాస్తే, తీగ దివ్యంగా పెరిగింది గానీ తెగులు పట్టలేదు. దానికి ఆరుబయలు మంచు కావాలి, పగటి ఎండ కావాలి, పారటానికి చేనంత తీగ కావాలి. తీగకేమో బతికున్న మినుము కావాలి. నేలలో పడ్డ తీగ గింజ మాత్రం ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. లేచిన రోజున చేతిలో తెగులు లేకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అందుకని ఏటా ఎవరిదో ఒక చేను తీగకు వదిలిపెట్టాలని సువార్త రచ్చబండ దగ్గర చెప్పింది. ఆ చేలో మినుము చల్లాలి, తీగను చేనంతా ఎక్కనివ్వాలి, దాని మీద తెగులును మేపాలి. ఆ చేనుకు మాత్రం ఆ ఏడు మినుములు రావు. ఆమె చెప్పటం అయ్యాక అందరూ ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు.

"మొదట నీ చేలోనే పుట్టిందిగా బావా" అన్నాడు చలమయ్య. ఆయనది బసవపున్నయ్య పక్క చేను. వరసకు బావమరిది. "దానికి అలవాటైన నేల. ఊరు నిన్ను ఊరికే వదిలిద్దా? తలా కాసిని మినుములు కొలిచి ఇంటికి పంపుతాం."

మొదటి ఏడు పంపారు. రెండో ఏడు అడిగితే ఇచ్చారు. ఆ తర్వాత వీళ్లు అడగటం మానేశారు.

బసవపున్నయ్యకు ఉన్నది ఆ ఒక్క చేనే. వరి పండేది, కాబట్టి తిండికి లోటు లేదు. ఆయనను తిన్నది వేరే. ఏటా వరి కోతల ముందు అందరితోపాటు ఆయనా గంప చంకన పెట్టుకుని మినుములు చల్లేవాడు. చేతివాటం మంచిది. ఎక్కడా ఒత్తుగా, పలచగా పడేది కాదు. మొలకలు బారుగా లేచేవి. అవి మూడాకులు వేసేనాటికి పసుపు దారాలు పాకేవి. అప్పటినుంచి ఆయన పని గట్టున నిలబడి చూడటమే. తన చేత్తో మొలిపించిన దాన్ని మరొకటి తింటుంటే ఊరుకోవటం ఏ వ్యవసాయదారుడికీ నేర్పిన పని కాదు.

టీ కొట్టు దగ్గర వేళాకోళం చేసేవాళ్లు.

"ఏం బావా, నీ తీగ పిల్లలు బాగున్నారా? ఏం పెట్టావేంది ఇయ్యాళ?"

"మీ బావ వాటికి ఉగ్గుపాలు పోస్తన్నాడంట."

ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. గ్లాసు కింద పెట్టి వచ్చేసేవాడు.

సామ్రాజ్యానికి తగిలిన దెబ్బ మరో తీరుది. ఆ ఊళ్లో మినుము విత్తనం కొనరు. ఆడవాళ్లు ఒకరింటి గింజలు ఒకరు మార్చుకుంటారు. నేల మారితే గింజ బలిస్తుందని నమ్మకం. చేటలో గింజలు పోసుకుని, పైన గుడ్డ కప్పుకుని వాకిట్లోకి వచ్చి, కాసేపు కూర్చుని మాట్లాడి, చేట మార్చుకుని వెళతారు. సామ్రాజ్యం బజారులో కొన్న గింజలే శుభ్రంగా జల్లించి పట్టుకెళ్లినా చలమయ్య భార్య గడపలోనే నిలబడింది.

"ఏమనుకోమాక వదినా. మీ ఇంట్లో తీగ తిరుగుతా ఉంటది. ఒక్క గింజ కలిసినా మా పిల్లల నోట్లో మన్నే."

ఆ తర్వాత ఆమె ఎవరింటికీ చేట పట్టుకెళ్లలేదు. దసరాకు గారెలు వండటం కూడా మానేసింది. బజారు పప్పుకు జిగురు ఉండదని చెప్పేది.

అట్లా మూడేళ్లు గడిచాయి. నాలుగో ఏడు తీగ ఎప్పటిలాగే లేచింది. బోదె వైపున తెగులు పట్టి రాగి రంగులో ఉంది. తూర్పు గట్టు వైపు ఇంకా పట్టలేదు. అక్కడ తీగ నిగనిగలాడుతూ, మంచి మొక్కలను వెతుక్కుని మరీ ఎక్కుతోంది. బసవపున్నయ్య రోజూ పొద్దున్నే ఆ గట్టునే నడిచేవాడు. ఒకరోజు బాగా కొమ్మలు వేసిన మొక్క ఒకటి కనపడింది. దాని మెడకు అప్పుడే ఒక పోగు చుట్టుకుంటోంది. వంగి ఆ పోగును విప్పి తీసేశాడు. తీశాక గానీ తను ఏం చేశాడో ఆయనకు తెలియలేదు. చుట్టూ చూసి, దాన్ని బోదె నీళ్లలో పడేశాడు.

మర్నాడు రెండు తీశాడు. ఒక మొక్కే కదా అనుకున్నాడు. తర్వాత ఒక మూలే కదా అనుకున్నాడు. జబ్బుపడ్డ తీగ జోలికి మాత్రం పోలేదు. అదెలాగూ చచ్చేదే. బలంగా ఉన్నదాన్నే తీశాడు, ఎందుకంటే మొక్కను తినేది అదే. ఇంట్లో చెప్పలేదు.

తెగులు తనకు దొరికిన తీగను తినుకుంటూ బోదె వైపు నుంచి తూర్పుకు వచ్చింది. చేను నడిమికి వచ్చేసరికి ముందు తీగ లేదు. మెతుకు లేక అక్కడే ఆగిపోయింది.

సంక్రాంతి వెళ్లిన వారానికి సామ్రాజ్యం గడ్డి కోసం చేను వైపు వెళ్లి నిలబడిపోయింది. ఎక్కడా పసుపు దారం లేదు. చేను నల్లటి ఆకుపచ్చగా ఉంది. ఆకు ఆకు కిందా పూత. కింది కొమ్మలకు అప్పుడే పిందెలు దిగుతున్నాయి. ఆమె చెప్పులు గట్టున విడిచి లోపలికి నడిచింది.

"ఏందయ్యా ఇది?" అంది వెనక వచ్చిన మొగుడితో.

"పండింది" అన్నాడు ఆయన.

ఆమె ఇంకేమీ అడగలేదు. పొలం చేసిన మనిషి, అడగకుండానే తెలిసి ఉంటుంది. ఆ సాయంత్రం అటక మీద నుంచి తిరగలి దింపించి కడిగింది. ఇంకో నెలకు మనింటి మినుములు అని ఎవరితోనూ అనలేదు. బిడ్డ పుట్టబోతోందని మూడో నెల దాకా బయటికి చెప్పని ఆడదానిలా ఉంది ఆమె వాలకం.

నాలుగు రోజుల తర్వాత సువార్త వచ్చింది. సముద్రం వైపు ఊళ్లలో తీగ మళ్లీ లేచిందని, ఈసారి చాలా చోట్ల ఒకేసారి లేచిందని, రాగి తీగ కావాలని వచ్చింది. తడిపిన గోతాలు తెచ్చుకుంది. చేను దగ్గరికి రాగానే వాటిని గట్టున దించేసింది. అంత చక్కటి పంటను చూసి అంతగా పాలిపోయిన ముఖాన్ని బసవపున్నయ్య అంతకు ముందు చూడలేదు.

"ఏమైంది బాబాయ్?"

"నేనే తీశానమ్మా. బలంగా ఉన్నదాన్ని."

"మొత్తమా?"

"కనపడినంత. చెయ్యి ఊరుకోలేదు."

సువార్త తిట్టలేదు. చీర చెంగు దోపుకుని చేలోకి దిగింది. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసన వెతికింది. సామ్రాజ్యం కూడా దిగింది. మరియమ్మను పిలిపించారు. ఎన్నో ఏళ్లు కలుపు తీసిన మనిషి ఆ రోజు కలుపు కోసం వెతికింది. "నన్ను పిలిచి గడ్డి లేదని ఏడుస్తన్నారేందే అమ్మా" అని ఒకసారి అంది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆమె కూడా ఊరుకుంది.

పొద్దు వాలే వేళకు బోదె అవతలి కట్ట మీద, ఒక వెంపలి మొక్కకు చుట్టుకుని, జానెడు పోగు దొరికింది. సగం ఎండిపోయింది. మిగతా సగం మీద రాగి పొడి ఉంది. సువార్త దాన్ని మొక్కతో సహా మట్టిబెడ్డతో పెళ్లగించి తడిగుడ్డ చుట్టింది.

వీళ్ల వాలకం చూసి చలమయ్య కూడా వచ్చాడు. సంగతి విని చేనంతా ఒకసారి చూశాడు.

"పోతే పోయిందిలే బావా. ఇన్నాళ్లకు దేవుడిచ్చాడు. హాయిగా నూర్చుకోండి. వాళ్ల ఊళ్ల బాగోగులు వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. గొంతు తగ్గించి సువార్తను అడిగాడు. "మన ఊళ్లో మళ్లీ లేస్తదంటావా అమ్మాయ్?"

"లేస్తది బాబాయ్. ఈ ఏడో పై ఏడో. మీ చేలో గింజ అట్లాగే ఉంది."

"నీ ల్యాబులో పెంచు మరి."

"ల్యాబులో అయ్యేదయితే ఇన్నేళ్లు వీళ్ల చేను తినేదాన్నా?"

"ఇంకో దారి లేదా?"

సువార్త గుడ్డలో ఉన్నదాన్ని చూస్తూ నెమ్మదిగా చెప్పింది. ఈ పోగు మహా అయితే వారం బతుకుతుంది. ఆలోగా దానికి లేత తీగ కావాలి. సముద్రం వైపు తీగ అప్పటికే మందు తగిలి గట్టిపడింది, గోతాల కొద్దీ రాగి తీగ పడితే తప్ప ఈ జానెడు పోగు దానికి పట్టదు. నేలలో గింజ ఉంది గానీ పదును ఆరిపోయి లేవటం లేదు. చేనుకు నీళ్లు పెడితే లేస్తుంది. ఇంత పూత మీద నీళ్లు తగిలితే మినుము చావదు. పూత రాలుతుంది, పిందె రాలుతుంది, మొక్క మిగులుతుంది. తీగ ఎక్కటానికి ఆ మొక్క చాలు.

"ఓ మూల కట్టేసి, ఆ కాస్తకే పెడితే?" అని బసవపున్నయ్య అడిగాడు.

"అప్పుడే చూశాంగా బాబాయ్. ముందు తీగ లేకపోతే ఆగిపోద్ది. పారటానికి చేనంతా కావాలి."

"అయితే నీ చేనియ్యరా చలమయ్యా" అంది సామ్రాజ్యం.

చలమయ్య తన చేను వైపు తిరిగి చూశాడు. "నాది నిండు పూత మీదుంది అక్కా."

"మాదీ పూత మీదే ఉంది."

ఆయన కాసేపు గట్టు మీది మట్టిని కాలితో చదును చేశాడు. తర్వాత గేదెను కట్టెయ్యాలని చెప్పి వెళ్లిపోయాడు.

సువార్త గోతాలు మడత పెట్టుకుంది. "నేను అడగలేను పిన్నీ. ఈ మాట నా నోటితో రాదు. రేపు పొద్దున బస్సుకు వెళతాను" అని తల్లితో కలిసి ఇంటికి నడిచింది. తడిగుడ్డ మూట మాత్రం బోదె నీళ్ల అంచున నీడలో పెట్టి వెళ్లింది.

మొగుడూ పెళ్లాం ఇంటికి వచ్చి అన్నం తిన్నారు. తెల్లారి బసవపున్నయ్య పార భుజాన వేసుకుంటుంటే సామ్రాజ్యం చూసింది. చెంబు కింద పెట్టి వెనకే వచ్చింది.

ఆయన బోదె కట్ట మీద నిలబడ్డాడు. పార నేలలో దించి కాలు మోపాడు గానీ బరువు వెయ్యలేదు.

"నా చేతుల మీదుగానే పోవాలా సామ్రాజ్యం? నాలుగేళ్లకు కనపడింది."

"నీ చేతుల మీదుగానే వచ్చింది" అంది ఆమె. "ఆగు. నేను చెప్పేదాకా గండి కొట్టమాక."

చేలోకి దిగింది. చెంగు పరిచి పట్టుకుని, కింది కొమ్మలకు దిగిన పిందెలు కోయటం మొదలుపెట్టింది. ఆయన పార మీద చెయ్యి వేసి చూస్తూ ఉన్నాడు. ఆమె ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వెళ్లి తిరిగి వచ్చింది. చెంగులో గుప్పెడు పిందెలు ఉన్నాయి. ఒకటి గోటితో చీల్చి చూసింది. లోపల గింజ పడలేదు. నీళ్లలాంటి పచ్చ తప్ప ఏమీ లేదు. రెండోది చీల్చింది. మూడోది చీల్చలేదు.

"ఇంకా గింజ పోసుకోలేదయ్యా" అంది. చెంగు దులిపేసింది. "కొట్టు."

ఆయన కాలితో బరువు వేశాడు. కట్ట తడిమట్టి కాబట్టి రెండు పెళ్లలకే తెగింది. నీళ్లు మొదట ఆగి, తర్వాత మురికి నురగతో చేలోకి జారాయి. ముందు వరస మొక్కల మొదళ్లు తడిశాయి. పసుపు పూలు కొన్ని అప్పుడే నీళ్ల మీద తేలాయి. బస్సు కోసం గట్టున వస్తున్న సువార్త దూరం నుంచి నీళ్ల మెరుపు చూసి నిలబడింది. బస్సు వచ్చి వెళ్లిపోయిన చప్పుడు వినపడింది. ఆమె కదలలేదు.

చేనంతా తడిసేదాకా బసవపున్నయ్య గండి మూయలేదు.

పూత రెండు రోజుల్లో రాలింది. ఆకులు పసుపు తిరిగాయి. ఊళ్లో వాళ్లు గట్టున ఆగి చూసి, ఏమనాలో తోచక వెళ్లిపోయారు. ఈసారి టీ కొట్టు దగ్గర ఎవరూ వేళాకోళం చేయలేదు. అది ఆయనకు ఇంకా కష్టంగా తోచి ఆ వైపు పోవటమే మానుకున్నాడు.

సువార్త రోజూ తడిగుడ్డ విప్పి చూసి మళ్లీ చుట్టేది. పోగు మీద పచ్చి రోజురోజుకూ తగ్గుతోంది. చివరికి గోరంత మిగిలింది. ఆ పొద్దున ఆమె ఇంకా గుడ్డ విప్పకముందే బసవపున్నయ్య చేలోంచి చెయ్యి ఊపాడు.

బురద ఆరి పగుళ్లు వేస్తున్న చోట, వెంట్రుకంత పసుపు దారం ఒకటి నిలబడి ఉంది. ఆకు లేదు. కొన మీద గింజ పొట్టు ఇంకా వదల్లేదు. పట్టుకోవటానికి ఏదైనా దొరుకుతుందేమోనని గాలిలో నెమ్మదిగా చుట్టూ తిరుగుతోంది. దగ్గరి మినుము మొక్క దానికి రెండు వేళ్ల దూరంలో ఉంది. చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ కొన అందేటట్టే ఉండి అందటం లేదు. సువార్త మూట పట్టుకుని అట్లాగే నిలబడింది.

బసవపున్నయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. మినుము మొక్క కొమ్మను ఒకదాన్ని విరగకుండా రెండు వేళ్లతో పట్టి వంచాడు. దారం మళ్లీ చుట్టు తిరిగి వచ్చేదాకా అట్లాగే పట్టుకున్నాడు.